ఒకే కథను రెండు ముక్కలు చేయడం, ముగిసిన కథను యానిమేషన్‌లో మళ్లీ తెరవడం: ఈ రెండింటిలో ఏది మేలు?

నేలటికెట్టు
బాహుబలి రెండు భాగాలను కలిపి 2025 అక్టోబర్ 31న విడుదల చేసిన ‘బాహుబలి: ది ఎపిక్’ చూసి వచ్చినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. 2015 జులై 10న సగం, 2017 ఏప్రిల్ 28న సగం చూసిన కథ ఈసారి మూడు గంటల నలభై ఐదు నిమిషాల్లో ఒకే విడతలో ముగిసింది. ‘పచ్చబొట్టేసిన’ పాట లేదు, ‘కన్నా నిదురించరా’ లేదు, అవంతిక ప్రేమకథ చాలావరకు కత్తెర పాలైంది. అయినా నాకు ఏ లోటూ కనిపించలేదు. అలాంటప్పుడు ఆ రెండేళ్లు మనల్ని ఎందుకు నిలబెట్టినట్టు?

ఆ సినిమా ఆడింది కనుక దాన్ని వదిలేద్దాం. దాని తర్వాత పెద్ద హీరో చిత్రం అనగానే ‘రెండు భాగాలు’ అన్న మాట కూడా వెంట వస్తోంది. సలార్, దేవర, కల్కి మూడూ నడి దారిలో మనల్ని దింపేసినవే. ఇది చాలదన్నట్టు ముగిసిపోయిన బాహుబలిని కూడా ‘ది ఎటర్నల్ వార్’ అనే యానిమేషన్ చిత్రంగా మళ్లీ తెరుస్తున్నారు. చనిపోయిన అమరేంద్ర బాహుబలి లోకాంతరాలకు వెళ్లి దేవాసుర యుద్ధంలో దిగడమట. నా దృష్టిలో సగం కథ చెప్పడం ఒక తప్పు, అయిపోయిన కథను పొడిగించడం ఇంకో తప్పు. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే కారణంతో సహా చెప్పగలరు.

రెండో_ఆట
మీకు లోటు కనిపించకపోవడానికి కారణం ఎడిటింగ్ కాదు, మీ జ్ఞాపకం. కత్తిరించిన ప్రతి చోటా మీకు తెలిసిన కథ వచ్చి ఖాళీని పూరించింది. అవంతిక ఎవరో, శివుడు ఆ జలపాతం ఎందుకు ఎక్కాడో తెలియని పదేళ్ల పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చూసి ఉంటే మీ తీర్పు మారేది. ఇక ఆ రెండేళ్ల నిరీక్షణ గురించి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న పెళ్లి పందిళ్లలోనూ బస్సుల్లోనూ కూడా నలిగింది. అంతకాలం జనం నోట్లో నానిన ప్రశ్నను ఇంటర్వెల్‌లో వేసి పావుగంటలో జవాబు చెబితే దాని విలువ ఏమి మిగులుతుంది?

సశేషం_వద్దు
ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు పరీక్ష వేరే ఉందని నా నమ్మకం. రెండో భాగం ఎప్పటికీ రాలేదనుకుందాం. అప్పుడు మొదటి భాగం దానంతటది ఒక సినిమాగా నిలబడుతుందా, లేదా?

బాహుబలి మొదటి భాగం నిలబడుతుంది. శివుడికి తానెవరో తెలిసింది, దేవసేన సంకెళ్లు తెగాయి, కాలకేయుల యుద్ధం మొదలై ముగిసింది. 2021లో వచ్చిన పుష్ప మొదటి భాగం కూడా నిలబడుతుంది. అడవిలో ఎర్రచందనం దుంగలు మోసే కూలీ స్మగ్లింగ్ సిండికేటును చేతిలోకి తెచ్చుకోవడం ఒక పూర్తి కథ. చివర్లో పోలీసు అధికారి షెకావత్‌తో జరిగే గొడవ తర్వాతి కథకు తలుపు తెరుస్తుందే తప్ప ఈ కథను ఆపదు. సలార్ అలా కాదు. ప్రాణస్నేహితులు ఇద్దరు బద్ధశత్రువులు ఎలా అయ్యారో చెబుతామని మాట ఇచ్చి, 2023 డిసెంబరులో మనకు చూపించింది స్నేహం మాత్రమే. దేవా శౌర్యాంగ తెగవాడని చెప్పిన క్షణంలోనే తెర పడిపోయింది. శత్రుత్వం ఇంకా బాకీ ఉంది.

చీరాల_చిన్నోడు
దేవర చివరి సన్నివేశంలో కొడుకు వర తన తండ్రిని పొడిచినప్పుడు మా వెనక వరుసలో ఒక పెద్దాయన “ఇక్కడా కట్టప్పేనా?” అని పైకే అన్నారు. థియేటర్‌లో ఆ రోజు పడిన పెద్ద నవ్వు అదే.

లెక్కల_మాస్టారు
మనం దీన్ని కథా విషయంగా చర్చిస్తున్నాం కానీ నిర్మాత వైపు నుంచి చూస్తే ఇది ఖాతా పుస్తకం విషయం. పెద్ద సెట్ ఒకసారి వేస్తే దాని ఖర్చు రెండు సినిమాల మీద పడుతుంది. గ్రాఫిక్స్ కోసం తయారు చేసుకున్న నగరాలు, వాహనాలు రెండోసారి కూడా పనికి వస్తాయి. ఓటీటీ హక్కులు, శాటిలైట్ హక్కులు, పాటల హక్కులు అన్నీ రెండుసార్లు అమ్ముకోవచ్చు. మొదటి భాగం ఆడితే రెండో భాగానికి ప్రచారం అక్కర్లేదు. ఆ రెండోసారి వసూలు ఎలా ఉంటుందో పుష్ప 2 చూపించింది. 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్‌లకు తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 రూపాయలు పెంచుకునే అనుమతి ఇచ్చారు. ఆ ధరకు కూడా జనం వెళ్లారంటే మూడేళ్లు ఎదురుచూసిన ఆత్రం వల్లనే. కొత్త కథకు ఎవరూ అంత పెట్టరు.

నేలటికెట్టు
లెక్కల మాస్టారు గారూ, మీరు చెప్పింది నా ఫిర్యాదుకు జవాబు కాదు, సాక్ష్యం. పుష్ప 2 మూడు గంటల ఇరవై నిమిషాలు నడిచింది. ఆ తర్వాత నెలన్నర తిరగకముందే మరో ఇరవై నిమిషాలు కలిపి ‘రీలోడెడ్’ అని మళ్లీ వేశారు. అంత నిడివి తర్వాత కూడా చివరికి ‘పుష్ప 3: ది ర్యాంపేజ్’ అని పేరు పడింది. ఇక సశేషం వద్దు గారి పరీక్ష నాకు నచ్చింది. ఆ పరీక్ష ప్రకారం కల్కి సంగతి ఏమిటి?

సశేషం_వద్దు
కల్కి తప్పుతుంది, కానీ గౌరవంగా తప్పుతుంది. అశ్వత్థామ కథ, కాశీ నగరం, కాంప్లెక్స్, శంభల అన్నీ పరిచయం చేయడానికే ఒక సినిమా కావాలి కనుక నేను కొంత ఓపిక పట్టగలను. భైరవుడు కర్ణుడని తెలిసే ఘట్టం ఒక మలుపుగా నిలుస్తుంది. అయినా కథ అంతా సుమతి గర్భంలో ఉన్న బిడ్డ చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆ బిడ్డ పుట్టకుండానే మనల్ని ఇంటికి పంపారు.

రెండో_ఆట
ఆ సుమతి పాత్రధారే ఇప్పుడు లేరు కదా. రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని వైజయంతీ మూవీస్ వారే 2025 సెప్టెంబరులో ప్రకటించారు. భాగానికీ భాగానికీ మధ్య ఏళ్లు గడిస్తే వచ్చే చిక్కు ఇదే. కథ సగంలో ఆగి ఉంటుంది, మనుషులు మాత్రం ఆగరు.

బొమ్మల_కొలువు
హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలో ఉన్నాను కనుక ఈ మాట దగ్గర జోక్యం చేసుకుంటున్నాను. రెండో ఆట గారు చెప్పిన చిక్కు యానిమేషన్‌లో రాదు. మాకు పాత్రకు వయసు రాదు, డేట్లు అడగనక్కర్లేదు. ఒక పాత్రను త్రీడీలో తయారు చేయాలంటే ముందు శిల్పం చేసినట్టు ఆకారం దిద్దుతారు. ఆ తర్వాత లోపల ఎముకలు, కీళ్లు అమర్చినట్టు రిగ్గింగ్ చేస్తారు. కనుబొమ ఎంత పైకి లేవాలి, పెదవి ఏ మూల ముడుచుకోవాలి అన్నవన్నీ అక్కడే నిర్ణయమవుతాయి. నెలల తరబడి డబ్బు, శ్రమ కరిగేది ఈ దశలోనే. ఒకసారి అది కుదిరిన తర్వాత అదే పాత్ర మరో పది కథల్లో నడుస్తుంది. అందువల్ల కథలను వరుసగా చెప్పడానికి అసలు తగిన చోటు యానిమేషన్. నటుల సినిమాల కంటే ఇక్కడే ఆ ఆలోచన సహజంగా ఇముడుతుంది.

నేలటికెట్టు గారు ఎటర్నల్ వార్‌ను తప్పుబట్టారు. నేను ఒప్పుకోను. దేవలోకాన్నీ అసురలోకాన్నీ చూపించాలంటే నిజం మనుషుల వెనక గ్రీన్ మ్యాట్ పెట్టి తీయడం కన్నా మొత్తం గీసి చూపించడమే నిజాయితీ. దర్శకుడు ‘షిర్కోవా’ అనే పెద్దల యానిమేషన్ చిత్రం తీసిన ఇషాన్ శుక్లా కనుక ఇది పిల్లల టీవీ బొమ్మలా ఉండదని టీజర్ చూసిన మాలాంటివారి ఆశ.

అమలాపురం_ఆడపడుచు
యానిమేషన్ అనగానే పిల్లలదని తీసిపారేసేవారికి ఒక విషయం చెప్పాలి. 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’కు మా అత్తగారిని తీసుకువెళ్లాను. బొమ్మల సినిమాకు నేనెందుకని ఆవిడ సగం అయిష్టంగానే వచ్చారు. హిరణ్యకశిపుడు స్తంభం ముందు నిలబడి ఇందులో ఉన్నాడా అని గద్దించే సమయానికి ఆవిడ పెదవులు కదలడం గమనించాను. తెర మీద సంభాషణ ఒకటి, ఆవిడ నోట ‘ఇందుగలఁడందులేఁడని సందేహము వలదు’ అని పోతన పద్యం ఒకటి. స్తంభం పగిలినప్పుడు చేతి సంచి ఒళ్లోంచి జారి కింద పడినా ఆవిడకు తెలియలేదు. మందులూ కళ్లజోడు డబ్బా సీటు కింద వెతికి తీసింది నేను.

తెలుగులో మొదటి టాకీ 1932 నాటి భక్త ప్రహ్లాద. 1967లో అదే పేరుతో రంగుల్లో వచ్చినప్పుడు హిరణ్యకశిపుడు ఎస్.వి. రంగారావు, ప్రహ్లాదుడు రోజారమణి. ఒకే కథను మూడుసార్లు చూసినా మనకు విసుగు లేదు. అంటే పొడిగింపు తప్పు కాదు, పొడిగించేవారికి ఆ కథ మీద భక్తి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

లెక్కల_మాస్టారు
భక్తితో పాటు క్యాలెండర్ కూడా ఉంది. నరసింహ తర్వాత 2027లో పరశురామ్, 2029లో రఘునందన్, 2031లో ద్వారకాధీశ్, 2033లో గోకులానంద, 2035లోనూ 2037లోనూ కల్కి రెండు భాగాలు అని ముందే ప్రకటించారు. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతున్న మా మనవడు చివరి భాగానికి సొంత డబ్బుతో టికెట్ కొంటాడేమో.

చీరాల_చిన్నోడు
అంటే దశావతారాలకు కూడా రెండు భాగాల గొడవ తప్పలేదన్నమాట.

సశేషం_వద్దు
ఆ వరుస గురించి నాకు అభ్యంతరం లేదు. ఒక్కో అవతారం ఒక్కో పూర్తి కథ కనుక నరసింహ చూసినవాడికి పరశురాముడి బాకీ ఏమీ ఉండదు. నా పరీక్షలో అది మొదటి శ్రేణిలో నెగ్గుతుంది. అయితే అమలాపురం ఆడపడుచు గారి మాటకు చిన్న సవరణ. నరసింహుడు వచ్చాక తెర మండిపోయింది, నిజమే. అంతకు ముందు ఘట్టాల్లో ముఖకవళికలు బిగుసుకుపోయి ఉండటం, నడకలు వీడియో గేమ్‌లా ఉండటం నాకు కనిపించింది. పోతన పద్యం గుర్తున్నవారికి ఆ లోపం తెలియదు. బాహుబలి ఎపిక్ విషయంలో రెండో ఆట గారు చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది.

బొమ్మల_కొలువు
బిగుసుకుపోవడం గురించి మీరన్నది సరైనదే. తల, చేతులు, నడుము కదలికలు ఒక మోస్తరుగా తేవచ్చు. సంభాషణ పలికే ముఖం దగ్గరే డబ్బు అయిపోతుంది. దానికి తోడు ఒక భాషలో రికార్డు చేసిన గొంతుకు పెదవులు కదిలించి, మిగతా భాషలకు డబ్బింగ్ చేస్తే ముఖం ఒకటి చెబుతుంది, మాట ఒకటి చెబుతుంది. తెలుగులో వాక్యం చివర క్రియ కాస్త సాగుతుంది. పెదవులు మూసుకున్న తర్వాత కూడా మాట వినిపిస్తూ ఉంటుంది. ఒకసారి గమనిస్తే ఇక మీ కన్ను అక్కడే పడుతుంది.

డల్లాస్_బాబాయి
డబ్బింగ్ బాగుంటే ఆ తేడా ఎవరికీ పట్టదు. 2019లో లయన్ కింగ్ తెలుగులో వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. 2024 డిసెంబరులో ముఫాసాకు మహేశ్ బాబు చెప్పారు. ఇక్కడ పుట్టిన మా పిల్లలు ఆంగ్లంలో ఒకసారి చూసి, తాతగారు వచ్చినప్పుడు తెలుగులో మరోసారి చూశారు. సింహం పెదవులకు మాట కుదిరిందా లేదా అని ఎవరూ అడగలేదు. బ్రహ్మానందం గొంతు వినపడగానే అడవిపంది కాస్తా మన ఊరివాడైపోయింది. ఒక విదేశీ ఫ్రాంచైజీ మన ఇంటి సినిమా అయ్యేది అలాగే. మన బాహుబలి యానిమేషన్‌లకు అంత శ్రద్ధ ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

రెండో_ఆట
బాహుబలి యానిమేషన్‌ల అసలు సమస్య గొంతు కాదు, కథ. 2017లో ‘ది లాస్ట్ లెజెండ్స్’ ప్రైమ్‌లో వచ్చింది. 2024 మేలో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ హాట్‌స్టార్‌లో వచ్చింది. రెండూ సినిమా కంటే ముందు జరిగే కథలు. క్రౌన్ ఆఫ్ బ్లడ్‌లో రక్తదేవుడు అనే సేనాధిపతి మాహిష్మతి మీదికి వస్తాడు, కట్టప్ప అతని పక్షాన చేరినట్టు చూపిస్తారు. ఇప్పుడు చెప్పండి, తర్వాతి రోజుల్లో శివగామి మాట కోసం కన్నబిడ్డలాంటి బాహుబలినే పొడవబోయే కట్టప్ప, అంతకు ముందే సింహాసనానికి ద్రోహం చేశాడంటే ఎవరు నమ్ముతారు? బాహుబలికి ప్రాణాపాయం అన్నా భయం వేయదు, భల్లాలదేవుడు మారాడన్నా ఆశ కలగదు. అందరి జాతకాలూ మనకు ముందే తెలుసు. ముగింపు తెలిసిన కథకు ముందు భాగం రాయడం కన్నా కష్టమైన పని లేదు.

ఈ ఒక్క కారణంతో ఎటర్నల్ వార్ వైపు నేను మొగ్గుతాను. మరణం తర్వాత ఏమి జరుగుతుందో ఎవరికీ తెలియదు కనుక అక్కడ కనీసం ఉత్కంఠకు అవకాశం ఉంది.

నేలటికెట్టు
అవకాశం ఉందని ఒప్పుకుంటాను, అవసరం ఉందని మాత్రం ఒప్పుకోను. అమరేంద్ర బాహుబలి గొప్పతనం అతను చావడంలోనే ఉంది. వెన్నులో కత్తి దిగిన తర్వాత కూడా కట్టప్పకు అమ్మను చూసుకోమని చెప్పి కన్నుమూసిన మనిషి మరోచోట లేచి మళ్లీ కత్తి పట్టాడంటే, ఆ చావుకు నేను పెట్టిన కన్నీళ్లు వెనక్కి తీసుకోవాలి.

అమలాపురం_ఆడపడుచు
అభిమన్యుడు చనిపోయాడని తెలిసినా శశిరేఖా పరిణయం నాటకం చూస్తూ మనం నవ్వలేదా? ముందూ వెనకా కథలు కల్పించుకోవడం మనకు కొత్త కాదు. మూలభారతంలో ఆ శశిరేఖే లేదు.

పాత_రీలు
ఈ మాట నేను రాయాలనుకున్నాను. మన పౌరాణికాలన్నీ ఒక రకంగా పొడిగింపులే. యానిమేషన్ కూడా మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. సింగీతం శ్రీనివాసరావు గారు 2008లోనే ఘటోత్కచుడి మీద యానిమేషన్ చిత్రం తీశారు. అంతకు ముందు జపాన్ దర్శకుడు యుగో సాకో చొరవతో జపాన్, భారత కళాకారులు కలిసి చేతితో గీసిన రామాయణం 1990ల మొదట్లో తయారైతే, అది తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది 2025 జనవరి 24న. మూడు దశాబ్దాల నాటి బొమ్మలు 4కేలో చూస్తే హనుమంతుడు సముద్రం దాటే ఘట్టంలో నీటి మీద పడే నీడ దగ్గర కూడా కుంచె పనితనం కనిపిస్తుంది. అది పునర్విడుదల కనుక కథ పొడిగించలేదు, చెడగొట్టలేదు. పాత కథ మీద అంత ప్రేమ ఉంటే ఉన్నదాన్ని శుభ్రం చేసి చూపించవచ్చు. జగదేకవీరుడు అతిలోకసుందరిని 2025 మే 9న, అంటే మొదటి విడుదల జరిగిన సరిగ్గా ముప్పై అయిదేళ్లకు, త్రీడీలో వేశారు. అంతకు మించి దానికి రెండో భాగం తీయవద్దని మాత్రం చేతులెత్తి మొక్కుతున్నాను. ఇంద్రజ ఉంగరం దాని చోట దాన్ని ఉండనివ్వండి.

చీరాల_చిన్నోడు
పునర్విడుదలల్లో సినిమా ఎక్కడ కనిపిస్తుంది? ముందు వరుసవాళ్లు తెర ముందు డాన్సు వేస్తుంటే మాకు కనిపించింది వాళ్ల వీపులే.

వేదిక_నిర్వాహకులు
రెండు పోస్టులు తొలగించాము. హీరోల వసూళ్ల పోలికకు వేరే చర్చ ఉంది. ఇక్కడ సీక్వెళ్లు, యానిమేషన్ గురించి మాత్రమే రాయగలరు.

గుంటూరు_గోంగూర
అందరూ పెద్ద సినిమాల గురించే మాట్లాడుతున్నారు. చిన్న, మధ్యస్థాయి సినిమాల్లోనే సీక్వెల్ సరిగ్గా నడుస్తోందని నా అభిప్రాయం. కార్తికేయ 2014లో సుబ్రహ్మణ్యపురం గుడి రహస్యంతో ముగిసింది. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన రెండో కథలో మనిషి అతడే, ప్రశ్నలు అడిగే స్వభావం అదే, ఊరు మాత్రం ద్వారక. మొదటిది చూడనివాళ్లూ చూశారు, హిందీవాళ్లు కూడా నెత్తిన పెట్టుకున్నారు. టిల్లు స్క్వేర్‌లో ఆ కుర్రవాడు మొదటిసారి మోసపోయిన పద్ధతిలోనే మళ్లీ మోసపోతాడు, కానీ ఈసారి అతనికి ఆ అనుభవం గుర్తుంది. హాస్యం అంతా అక్కడి నుంచే పుట్టింది. మొదటి భాగంలో మోసం చేసిన రాధిక మళ్లీ కనిపించిన క్షణంలో హాలు దద్దరిల్లింది. డబుల్ ఇస్మార్ట్‌లో అదే జ్ఞాపకాల మార్పిడి, అదే గోల. హీరో పాత్ర శంకర్‌కు కొత్తగా తెలిసినదేమీ లేదు, మనకు కూడా లేదు. ఫలితం తెలిసిందే.

సశేషం_వద్దు
‘హిట్’ అనే పోలీసు పరిశోధన సినిమాల వరుసను కూడా ఇందులో చేర్చాలి. శైలేష్ కొలను ప్రతి సినిమాలోనూ ఒక కేసు తెరిచి అక్కడే మూసేస్తారు. చివర్లో తర్వాతి అధికారి ముఖం ఒక్కసారి చూపిస్తారు, అంతే. రెండో కేసు చివర నాని, మూడో కేసు చివర కార్తి. బాకీ పెట్టకుండా ఆశ పెట్టడం ఎలాగో పెద్ద దర్శకులు ఆ పద్ధతి చూసి నేర్చుకోవచ్చు.

గుంటూరు_గోంగూర
ఆ వరుసలో మూడోది మాత్రం నాకు కొరుకుడు పడలేదు. మొదటి రెండింటిలో ఆధారాలు ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వెళ్లడమే ఆకర్షణ. మూడోదానికి వచ్చేసరికి పరిశోధన తగ్గి నరుకుడు పెరిగింది. ‘ఎ’ సర్టిఫికెట్ కనుక మొదటి రెండూ చూసిన మా తమ్ముడిని గుమ్మం దగ్గరే ఆపేశారు. వరుసగా తీసేటప్పుడు ప్రేక్షకుడికి ఇచ్చిన మాటల్లో రుచి కూడా ఒకటి.

డల్లాస్_బాబాయి
నాకు ఒక ఆచరణాత్మక సందేహం ఉంది. పిల్లలకు ఎటర్నల్ వార్ చూపించాలంటే ఆ రెండు యానిమేషన్ సిరీస్‌లూ ముందు చూపించాలా? కల్కికి ముందు ప్రైమ్‌లో వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ చూపించినందుకు పిల్లలు థియేటర్‌లో బుజ్జి అనే ఆ కారును చూడగానే గుర్తుపట్టి కేకలు వేశారు. అందుకే అడుగుతున్నాను.

బొమ్మల_కొలువు
అవసరం లేదు. బుజ్జి అండ్ భైరవ రెండే ఎపిసోడ్లు. ఛోటా భీమ్ తీసిన మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వారే వాటిని తయారు చేశారు. కారుకూ మనిషికీ స్నేహం ఎలా కుదిరిందో చెప్పి పక్కకు తప్పుకోవడం వరకే దాని పని. ఆ పని బాగా చేసింది. బాహుబలి సిరీస్‌లు రెండూ పట్టాభిషేకానికి ముందు జరిగేవి. కొత్త చిత్రం మరణం తర్వాత మొదలవుతుంది. కనుక పిల్లలకు 2015, 2017 నాటి రెండు సినిమాలూ కత్తిరింపులు లేకుండా చూపించండి. ఎపిక్ ఒక్కటే చూపిస్తే అవంతిక ఎవరని వారు అడిగే ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

నేలటికెట్టు
మా అక్క కొడుకు అదే ప్రశ్న అడిగాడు. రెండో ఆట గారూ, ఆ పదేళ్ల పిల్లవాడి విషయంలో మీరే నెగ్గారు. ఎటర్నల్ వార్ విషయంలో మాత్రం నా మాట నాదే. టికెట్ కొంటాను, కొన్నా ఒప్పుకోను.